సిస్టమ్ ఆన్ చేయగానే ఫైర్‌వాల్ పర్మిషన్ అడుగుతోంది, అలో కొట్టాలా వద్దా?

ప్రశ్న:
ఇంట్లో వాడే డెస్క్‌టాప్, విండోస్ 10. వారం నుంచి పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లగానే, నేనింకా ఏదీ ఓపెన్ చేయకముందే ఒక బాక్స్ వస్తోందండి, ఈ యాప్‌లో కొన్ని ఫీచర్లు ఫైర్‌వాల్ బ్లాక్ చేసింది అని. కింద ప్రైవేట్, పబ్లిక్ అని రెండు టిక్కులు. యాప్ పేరేమో ఎప్పుడూ విన్నది కాదు. భయమేసి క్యాన్సిల్ కొట్టా, రెండ్రోజులు రాలేదు, మళ్లీ మొదలు. వైరస్ అంటారా?

రిప్లై 1:
ఫైర్‌వాల్ ఆఫ్ చేసెయ్ బ్రో, గొడవ వదిలిపోతుంది

రిప్లై 2:
పై సలహా దయచేసి పాటించకండి, దోమలొస్తున్నాయని కిటికీ మూయడం మానేసి తలుపులు కూడా తీసి పెట్టినట్టుంటుంది.

ఫైర్‌వాల్ అంటే బయట నుంచి సిస్టమ్‌లోకి వచ్చే కనెక్షన్లకి కాపలా లాంటిది. ఆ బాక్స్ ఎందుకొస్తుందంటే, ఏదో ప్రోగ్రామ్ బయట నుంచి వచ్చే కనెక్షన్ల కోసం ఒక పోర్ట్ (కనెక్షన్లు లోపలికొచ్చే ద్వారం లాంటిది) తెరిచి కూర్చోబోయింది, దాన్ని వదలాలా ఆపాలా అని చెప్పే రూల్ ఇంతకుముందు లేదు, అందుకే అడుగుతోంది. అది నెట్‌లోకి వెళ్లడం గురించి కాదు. బయటికి వెళ్లేవాటిని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు, కాబట్టి నిజంగా వైరస్సే అయినా క్యాన్సిల్ కొట్టినంత మాత్రాన డేటా పంపడం ఆగిపోదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇక క్యాన్సిల్ కొడితే ఊరుకోదు, బ్లాక్ రూల్ రాసి పెట్టుకుంటుంది. అదే ఫైలైతే మళ్లీ అడగకూడదు. అడిగిందంటే ఫైల్ ఉన్న చోటు మారి ఉండాలి, ఎందుకంటే రూల్ ఫైల్ పాత్‌ని బట్టి ఉంటుంది. బాక్స్‌లోనే పబ్లిషర్, పాత్ ఉంటాయి, ఈసారి వచ్చినప్పుడు కంగారుపడకుండా ఫోన్‌తో ఫొటో తీసి చెప్పండి. టెంప్ ఫోల్డర్‌లో ఉండి పబ్లిషర్ తెలియదు అని చూపిస్తే మాత్రం ముందు ఫుల్ స్కాన్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ పొద్దున వచ్చిందండి. పాత్ యాప్‌డేటాలో ఏదో ఫోల్డర్, చివర్లో వెర్షన్ నంబర్. ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్, అంటే లోపలికొచ్చేవాటి రూల్స్, తీసి చూస్తే అదే పేరు నాలుగుసార్లు ఉంది, రెండు టీసీపీ, రెండు యూడీపీ (నెట్‌లో డేటా పంపే రెండు పద్ధతులట), అన్నింటికీ బ్లాక్ అని ఎర్ర గుర్తే. పబ్లిషర్ పేరు చూడగానే వెలిగింది, ఒకసారి ఆన్‌లైన్ మీటింగ్ కోసం స్క్రీన్ షేరింగ్‌ది ఒకటి వేసుకున్నా, మీటింగ్ అయిపోయింది, నేను మర్చిపోయా, అది మాత్రం నన్ను మర్చిపోలేదు 😅

రిప్లై 2:
అదే సంగతి. అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త వెర్షన్ ఫోల్డర్‌లోకి దిగుతోంది, ఫైర్‌వాల్‌కి అది కొత్త ప్రోగ్రామే. వాడకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి ఆ నాలుగు రూల్సూ డిలీట్ చేయండి. ఎప్పుడైనా పనికొస్తుంది, ఉంచుకుందాం అనుకుంటే కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కొట్టి, వచ్చే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌లో దాన్ని డిసేబుల్ చేస్తే చాలు, సిస్టమ్ ఆన్ చేయగానే తనంతట తాను మొదలవదు. ఒకవేళ అలో చేయాల్సొస్తే ప్రైవేట్, అంటే ఇంటి నెట్‌వర్క్ లాంటిది, దానికొక్కదానికే టిక్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
తీసేశా. రెండుసార్లు రీస్టార్ట్ చేశా, ఇంకా రాలేదు. థ్యాంక్సండి.

రిప్లై 1:
నేనూ ఆన్ చేసుకున్నాలే