బిజినెస్ వాళ్ళకు ఆర్కిటెక్చర్ డయాగ్రమ్ విడిగా గీయాలా?

గీతలరాయుడు:
మా టీమ్‌లో ఇదే గొడవ. మా యూపీఐ చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం దేనితో మాట్లాడుతుందో చూపే డయాగ్రమ్‌లో సందేశాలు మోసే కాఫ్కా, డేటాను చేతికందేలా ఉంచే రెడిస్ సహా బోలెడన్ని బాక్సులు. బిజినెస్ మేనేజర్లు కాసేపు చూసి ఫోన్లు తీసేస్తున్నారు. వాళ్ళకోసం రంగులు, ఐకాన్లతో వేరే బొమ్మ గీద్దామని నేను, వద్దని మా ఆర్కిటెక్ట్ గారు. మీరేమంటారు?

పాతకోడు:
ఆయనదే రైటు. రెండు బొమ్మలుంటే ఆర్నెల్లు తిరిగేసరికి దేని కథ దానిదే. పైగా ఆడిటర్ చేతికి వెళ్ళేది ఆ అందమైనదే.

చుక్కలముగ్గు:
అందరికీ ఒకే బొమ్మ అంటే ఎలాగండీ? సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసేందుకు సైమన్ బ్రౌన్ చేసిన సీ4 మోడల్‌లో నాలుగు స్థాయిలున్నది అందుకే. పై స్థాయిలో మన సిస్టమ్ ఒక్క బాక్స్, చుట్టూ దాన్ని వాడే మనుషులు, బయటి సిస్టమ్‌లు. కాఫ్కా ఊసే ఉండదు. స్ట్రక్చరైజర్ అనే టూల్‌లో ఒకే మోడల్ నుంచి వేర్వేరు స్థాయిల బొమ్మలు తీయొచ్చు, మీ రెండు కథల భయమూ తగ్గుతుంది.

పాతకోడు:
ఆ పై బొమ్మ చూసి మేనేజర్ “ఇది నాకు తెలిసిందేగా” అంటాడు. తర్వాత?

ఆపరేషన్స్‌పిల్ల:
మీరందరూ అనుకుంటున్న ఆ బిజినెస్ మనిషిని నేనే. రంగులు మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు కనపడాలి. యాప్, దాని పీఎస్‌పీ బ్యాంకు (యాప్‌ను యూపీఐకి కలిపేది), ఎన్‌పీసీఐ (యూపీఐని నడిపే సంస్థ), పంపేవారి బ్యాంకు, అందుకునేవారి బ్యాంకు: ఈ ఐదూ చాలు. ఖాతాలో డబ్బు కోతపడి అవతలికి చేరకపోతే, ఆర్‌బీఐ 2019 సర్క్యులర్ ప్రకారం మరో మనిషికి పంపినదైతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. షాపులో కట్టినదానికి ఐదు రోజుల గడువు. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ గడియారం ఏ బాణం దగ్గర మొదలవుతుందో మీ బొమ్మలో ఉందా? బాణం మీద “ఏపీఐ కాల్” అని రాస్తే నాకేం అర్థమవుతుంది! “అందుకునేవారి ఖాతాలో జమ చేయమంటుంది” అని రాయండి. అది ఆగితే ఏ టీమ్‌కి ఫోన్ చేయాలో పక్కనే పెట్టండి.

గీతలరాయుడు:
మా బాణాల మీద అసలేమీ రాసి లేదండీ.

పాతకోడు:
అలా అయితే ఒప్పుకుంటా, కానీ ఉన్న బొమ్మలోనే రాయండి. రాత్రి డ్యూటీలో ఉండే ఇంజినీర్‌కీ పనికొస్తుంది. మేఘాల బొమ్మలు, మనిషి ఐకాన్లు మాత్రం వద్దు.

చుక్కలముగ్గు:
ఉన్న బొమ్మలోనే అంటే మళ్ళీ కాఫ్కా మధ్యలో వెతుక్కోవడమేగా! నేనైతే ఆ ఐదు బాక్సుల బొమ్మ విడిగానే తీస్తా.

ఆపరేషన్స్‌పిల్ల:
విడిగా తీసినా, కలిపి తీసినా మనిషి ఐకాన్ ఉంచండి సార్, కంప్లయింట్ పెట్టేది ఆయనే. ఇంకోటి, ఏ రంగుకి ఏ అర్థమో మూలన రాయండి. మా దగ్గర ఎరుపు బాక్స్ చూసి సిస్టమ్ డౌన్ అయిందని మీటింగ్‌లో అందరికీ టెన్షన్. తీరా చూస్తే అది బయటి వెండర్‌దని అర్థమట.