సమస్య (తేటగీతి పద్యం చివరి పాదం; పై మూడు పాదాలు పూరించాలి): రెండు రూపాయలకె కోర్టు రీవి దక్కె

కర్నూలు నిర్వాహకులు: పైకి చూస్తే కోర్టు పరువు రెండు రూపాయలకు దిగజారినట్టుంది. ఆ నింద తొలగాలి. సుప్రీంకోర్టు 50 ఏళ్ళకు 2000లో వచ్చిన రెండు రూపాయల నాణెం ఆధారం. యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) రె–రీ.

ఆదోని పూరణ:

అంచు పదకొండు మూలల నమరి మెరయ
ఆరు గ్రాముల బరువుతో నలరు నాణె
మందు నేబదేండ్ల గురుతు మలచి రపుడు
రెండు రూపాయలకె కోర్టు రీవి దక్కె

నిర్వాహకులు: మూలలూ బరువూ సరి, ఒక్కటే దోషం. 'మెరయన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద అచ్చు వచ్చింది, నకారం దానితో కలవాలి. 'నారు గ్రాముల' అని రాయండి. యతి ఆకారానికే కాబట్టి చెడదు.

తాడిపత్రి పూరణ (నాణెం మీది టంకశాల గుర్తులపై):

చుక్క నోయిడా, హైదరాబాదు తార
వజ్ర మున్నచో ముంబయి వాసి నాణె
మేమి లేకున్న కలకత్త దెరుగుడయ్య
రెండు రూపాయలకె కోర్టు రీవి దక్కె

ప్రొద్దుటూరు: మొదటి పాదంలో చు–బా, యతి లేదు. అంతకన్నా పెద్ద చిక్కు 'చుక్క'. సంవత్సరం కింద భూతద్దం పెట్టి చూస్తే నోయిడాకు గుండ్రటి బొట్టు, హైదరాబాదుకు నక్షత్రం. తెలుగులో నక్షత్రమూ చుక్కే గదా, కొనేవాడు తికమకపడతాడు. ఇలా మార్చి చూడండి:

బొట్టు నోయిడా, తారయె పొరుగు నగరి

పొరుగు నగరి అంటే హైదరాబాదు, చిత్తూరు జిల్లా నగరి కాదు! యతి దక్కింది గానీ అతుకు దక్కలేదు. మూడు పాదాలూ టంకశాలలకే పోయాయి, సమస్యను చివర తగిలించినట్టుంది.

కోడుమూరు పూరణ:

రాజధాని మూడేండ్లకే రైలు నెక్కె
కోర్టు గుంటూరి కేగె, మా కొంప కేమి
మిగిలె? చిల్లరలో నొక మెరుపు బిళ్ళ!
రెండు రూపాయలకె కోర్టు రీవి దక్కె

నిర్వాహకులు: ఇదీ పూరణంటే! రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు అన్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి కడుపుమంట అంతా ఇందులో ఉంది. కాలక్రమమే తిరగబడింది. హైకోర్టు గుంటూరులో మొదలైంది 1954లో, ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు వదిలింది 1956లో. పాదాలు తిప్పుదామంటే 'కొంప కేమి' మూడో పాదంలోకి సాగుతోంది. ఉండనీయండి.

తాడిపత్రి: 'మెరుపు' దగ్గర నాకు అభ్యంతరం. 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్. చిల్లరలో ఏళ్ళు తిరిగితే బూడిదరంగుకు దిగుతుంది. మెరిసిందంటే ఎవరో చింతపండుతో తోమి ఉంటారు. పులుపు పైపొరను తినేస్తుంది, సేకరించేవాళ్ళు అలాంటిది ముట్టరు. 'మేటి బిళ్ళ' అనండి స్వామీ, మి–మే యతి సరిపోతుంది.