కళా ట్రస్టులో ఉద్యోగం: జీతం తక్కువైనా చేరొచ్చా?

వేళచ్చేరి కుర్రాడు:
ఇక్కడ చెన్నైలో కచేరీలు, పిల్లల వర్క్‌షాపులు నడిపే ఒక ట్రస్టు నుంచి ఆఫర్ వచ్చింది. ఇప్పుడు ఐటీలో వస్తున్నదాంట్లో సగం కూడా లేదు. "డబ్బుతో కొలవలేనివి చాలా దొరుకుతాయి" అంటున్నారు. నిజంగా ఏం దొరుకుతాయండీ? ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

లెక్కల మనిషి:
ఇంట్లోవాళ్లదే రైటు. కచేరీ పాసులిస్తే ఇంటి ఓనరు అద్దె తగ్గించడు. పైగా చాలా సభల్లో (కచేరీలు పెట్టే సంస్థల్లో) మధ్యాహ్నం కచేరీలకు టికెట్టే ఉండదు. సంగీతం వినడానికి ఉద్యోగం ఎందుకు? కళాసేవ పేరు చెప్పి పీఎఫ్ ఎగ్గొట్టే చోట్లు చూశాను.

తెర వెనక:
పీఎఫ్ సంగతి నిజమే, దానికీ వస్తాను. కానీ దొరికేది పాసులొక్కటే కాదండీ. నేను ఇదే ఊళ్లో ఇలాంటి ట్రస్టులోనే పనిచేస్తున్నాను. కచేరీకి ముందు విద్వాంసులు మృదంగం ఎడమ మూతికి తడి రవ్వ ముద్ద అద్ది, కుడివైపు అంచును రాయితో తడుతూ శ్రుతి కలుపుకుంటుంటే పక్కనే నిలబడి వింటాను. ముందు వరస టికెట్ కొన్నా అది దక్కదు.

ఇంకోటి, నేను అస్సలు ఊహించనిది. త్యాగరాజ కృతులు పాడే తమిళ పిల్లలు రిహార్సల్‌లో పదాలు ఎక్కడ విరవాలో నన్నే అడుగుతారు. ఈ ఊళ్లో నా తెలుగుకి ఇంత గౌరవం ఏ ఆఫీసులోనూ దక్కలేదు.

పని కూడా అంతే. నలుగురే ఉంటాం కాబట్టి హాలు బుకింగ్, సౌండ్, విరాళాలకు పన్ను మినహాయింపు రసీదులు, దాతలకు రిపోర్టులు అన్నీ చేతికొస్తాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సొమ్ము) కళలకూ ఇవ్వొచ్చు. అయితే ఇచ్చేవాళ్లు కార్యక్రమానికి ఇస్తారు, జీతాలంటే వెనకాడతారు. జీతాలు తక్కువ ఉండటానికి అసలు కారణం అదే. అందుకే డబ్బు కాని ఈ లాభాలను జీతంలో కలిపి లెక్క చెప్పే ట్రస్టును నమ్మొద్దు. ఉద్యోగులు ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పీఎఫ్ తప్పనిసరి. చిన్న ట్రస్టయితే పీఎఫ్ ఇస్తారో లేదో, కచేరీల సీజనైన మార్గళి నెలలో (డిసెంబర్-జనవరి) ఆదివారాలు పనిచేస్తే బదులు సెలవు ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి.

లెక్కల మనిషి:
ఇంటి భారం ఉన్నవాడి సంగతి?

తెర వెనక:
ఈఎంఐలు ఉంటే ఇప్పుడే చేరొద్దు తమ్ముడూ. లేకపోతే డిసెంబర్లో ఒక వారం సెలవు పెట్టి అక్కడే వాలంటీరుగా చెయ్యి. ఆ నెలలో సాయానికి వచ్చినవాళ్లను ఎవరూ వద్దనరు. సంతకం జనవరిలో పెట్టొచ్చు.