‘మ్మ’కు గుడి ఉందా, లేదా?

పెన్నగట్టు: ఒక పద్యపాదం రెండు వారాలుగా బుర్ర తొలుస్తోంది. ముందు సందర్భం. మా నాన్నగారి 1986 ఫియట్, అదే ప్రీమియర్ పద్మిని, ఉలవపాడు తోటలో వెనక్కి తీస్తుంటే మామిడి కొమ్మ తగిలి రేడియో ఏరియల్ విరిగింది. మడ్‌గార్డు మీద జానెడు మొండెం మిగిలింది. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక ముసలి మెకానిక్కు కొత్తది వేశాడు. పాత వైరును రేడియో వెనక నుంచి ఊడబీకి, దాని పిన్నుకు పురికొస ముడేశాడు. బయటి నుంచి పాత ఏరియల్ లాగితే వైరు వెంట పురికొస కూడా వచ్చేసింది. అప్పుడు దాని కొసకు కొత్త వైరు కట్టి, నన్ను లోపల్నుంచి లాగమన్నాడు. నేను డ్యాష్‌బోర్డు కింద తలదూర్చి లాగుతున్నప్పుడు పైన ఆయన ఏదో అన్నాడు. పక్క షెడ్డులో రేకు మీద సుత్తి దెబ్బలు. నాకు వినబడింది ఇది: “కమ్మి ఇరిగినా కబురాగదబయా.” కాకపోతే “కమ్మ ఇరిగినా.” మా నాయనమ్మ ఇలాంటిదే, ఇంకొంచెం పొడుగ్గా అనేది: “... విరిగినాను కబురాగ దెన్నడు.” కమ్మా, కమ్మీ? రెండో పాదం ఎవరికైనా గుర్తుందా?

మూలపేట మాస్టారు: కమ్మి. ఇందులో సందేహమేముంది? కంసాలి కమ్మచ్చులో లాగేది కమ్మి. పంచె అంచున ఉండేది కమ్మి. శ్లాబులో వేసేవి కమ్మీలు. మీ కారుకు విరిగిందీ కమ్మే. ఇక నాయనమ్మగారి పాదం నికార్సైన ఆటవెలది. కమ్మి, విరిగి, నాను మూడు సూర్యగణాలు. కబురాగ, దెన్నడు రెండు ఇంద్రగణాలు. యతి క, క. వేమన అని మాత్రం ఎవరూ అనకండి. ఆటవెలది కనబడగానే ఆయనకు కట్టబెట్టడం మనకు అలవాటైపోయింది.

తాటితోపు: కమ్మ అన్నా గణాలు అవే కదా మాస్టారూ. గురువు, లఘువు. ఛందస్సు మీ తరఫున సాక్ష్యం చెప్పదు. అసలు ‘కబురు’ పక్కన ఉండాల్సింది కమ్మే. పాత తెలుగులో కమ్మ అంటే తాటాకు, ఆ ఆకు మీద రాసిన ఉత్తరం కూడా. ఆకు పోయినా తెచ్చినవాడి నోట్లో కబురు ఉంటుంది. రేడియో లేని కాలపు మాట ఇది, మీ మెకానిక్కు ఏరియల్‌కు వాడుకున్నాడు.

మూలపేట మాస్టారు: తాటాకు చిరుగుతుంది. విరగదు.

తాటితోపు: పచ్చిది చిరుగుతుంది. ఎండింది ఫెళ్ళున విరుగుతుంది. తాటికమ్మల ఇంట్లో పుట్టినవాణ్ణి, మీరు మిద్దెలో పుట్టినట్టున్నారు.

అడ్మిన్: ఈ పదానికి ఇంకో అర్థం ఉందని అందరికీ తెలుసు. అటువైపు ఎవరూ వెళ్ళొద్దు.

తడ సరిహద్దు: మా వైపు దాన్ని కంబి అనే అంటాం. అరవంలోనూ కంబే. అరవంలో ‘ంబ’ ఉన్నచోట తెలుగులో ‘మ్మ’ రావడం మామూలే. కొంబు–కొమ్ము, కంబి–కమ్మి. కాబట్టి గుడి ఉంది. నా ఓటు మాస్టారికి.

తాటితోపు: చెంబు మరి చెమ్ము ఎందుకు కాలేదు?

తడ సరిహద్దు: అది వేరు.

తాటితోపు: ఎప్పుడూ అది వేరే.

ఒంగోలు గిత్త: ఎవరూ ఒక సంగతి అడగడం లేదు. ఆ మాట నిజమా కాదా? ఏరియల్ విరిగినా కబురు ఆగదా? వైరు బాగుంటే దగ్గరి స్టేషను మొండెంతో కూడా వస్తుంది, దూరపుది గాలిలో కలిసిపోతుంది. ఎఫ్ఎం దగ్గర దగ్గర 100 మెగాహెర్ట్జ్, అంటే అల పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. మడ్‌గార్డు మీద లాగితే వచ్చే ఊచ ఇంచుమించు అంతే ఉంటుంది. జానెడుకు కోస్తే ఎఫ్ఎం నీరసపడుతుంది. మీడియం వేవ్ సంగతి వేరు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అల 358 మీటర్లు, దాని ముందు మీ ఊచ ఎంత, చీమ మీసమంత. అందుకే పాత రేడియోల్లో ఏరియల్ వైరు దూర్చే చోట ట్రిమ్మర్ స్క్రూ ఉంటుంది. కొత్త ఏరియల్ వేశాక 1400 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా వినబడే స్టేషను ఒకటి పట్టి, శబ్దం పెరిగేదాకా దాన్ని తిప్పాలి. మీ ముసలాయన తిప్పాడా?

పెన్నగట్టు: తిప్పలేదండీ. అందుకే కాబోలు, కావలి దాటేసరికి ఒకటే గరగర. యాక్సిలరేటర్ తొక్కితే గరగర ఇంకా పెరుగుతోంది.

ఒంగోలు గిత్త: ఇంజనుతో పాటు పెరుగుతుంటే ట్రిమ్మర్ కాదు, ఎర్త్. ఏరియల్ అడుగున పళ్ళ వాషర్ పెయింటు మీద కూర్చుని ఉంటుంది. విప్పి, మడ్‌గార్డు లోపలి వైపు బొక్క చుట్టూ పెయింటూ తుప్పూ గీకించండి, తళతళలాడే రేకు కనబడాలి. తర్వాత మల్టీమీటరు పెట్టండి, రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉంటే మోగుతుంది. ఊచకూ పిన్నుకూ మోగాలి. ఊచకూ బాడీకీ మోగకూడదు. వైరు పైజల్లెడకూ, అంటే పైన చుట్టిన తీగల అల్లికకూ, బాడీకీ మోగాలి. అన్నట్టు నేను అనేది ‘ఊచ’. కమ్మీ కాదు, కమ్మా కాదు.

బొద్దింక: దాన్ని ‘మీసం’ అనొచ్చు కదా? పురుగుల మీసాలనే కదా ఇంగ్లీషువాళ్ళు యాంటెన్నా అన్నది. మన జీవశాస్త్రం పుస్తకాల్లో స్పర్శశృంగం అని రాసి పిల్లల్ని భయపెట్టారు. కారు మీసం. వినడానికి ఎంత బాగుంది!

మూలపేట మాస్టారు: మీసం విరిగిందంటే కారుకు పరువు నష్టం.

గుడ్లూరు: విరిగినా కబురాగదు అన్న మాటకు మా ఎర్రనను మించిన ఉదాహరణ లేదు. అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర నన్నయ్య ఆగిపోయాడు. తిక్కన ఆ మొండెం జోలికి పోకుండా విరాటపర్వంతో ఎత్తుకుని పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలింది ఎర్రన చేతికొచ్చింది. రాత్రి దగ్గర తెగిన కథను ఆయన తెల్లవారడంతో అందుకున్నాడు. నన్నయ్యలా మొదలుపెట్టి పోనుపోను తిక్కనలోకి దించాడు. కృతిని కూడా రాజరాజ నరేంద్రుడి పేరనే నడిపించాడు, తన రాజు పేరు ఇరికించలేదు. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. పురికొస కట్టి వైరు లాగడమంటే అదీ.

పెన్నగట్టు: ఎర్రన మా జిల్లావాడేలెండి.

ఒంగోలు గిత్త: మా ప్రకాశం.

మూలపేట మాస్టారు: ఎర్రన ఊరు గుడ్లూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో గుడ్లూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఆయన కదల్లేదు పాపం, జిల్లాలే కదిలాయి.

ఒంగోలు గిత్త: ఆయన్ను పోషించిన ప్రోలయ వేమారెడ్డి ఏలింది అద్దంకి నుంచి.

మూలపేట మాస్టారు: అద్దంకిని అదే ఏడు బాపట్లలో కలిపారు. చూసుకోండి.

తడ సరిహద్దు: మళ్ళీ కమ్మి దగ్గరికి రండి. అరవంలో టెలిగ్రాముకు ‘తంది’ అంటారు. మనకూ తంతి తపాలా శాఖ ఉండేది. తంతి అన్నా తీగే. అంటే తీగకూ కబురుకూ చుట్టరికం రేడియో కంటే ముందే ఉంది. ఈ పాదం టెలిగ్రాఫు స్తంభాలు చూసినవాడు కట్టింది.

తాటితోపు: తంతి 2013 జులైలో ఆపేశారు. మరి కబురు ఆగినట్టేగా?

మూలపేట మాస్టారు: ఒక చిక్కు కనబడుతోంది. ‘విరిగినాను’ గ్రాంథికం కాదు. ‘విరిగినను’ అనాలి, అలా అంటే మూడో గణం కూలిపోతుంది. కాబట్టి ఇది చదువుకున్న కవి రాసింది కాదు, వాడుకలో పుట్టిన పద్యం.

బొద్దింక: ‘విరిగినాను’ అంటే ‘నేను విరిగాను’ అని కూడా కదా! ఏరియల్ తన గోడు తనే చెప్పుకుంటోందేమో. ఎలాగూ రెండో పాదం ఎవరికీ రాదు కాబట్టి నేను కడుతున్నా:

“కమ్మి విరిగినాను కబురాగ దెన్నడు
పుల్ల గుచ్చి వినుము పొద్దు పోవు”

మూలపేట మాస్టారు: అయిదు సూర్యగణాలూ సరిపోయాయి. పు, పొ యతి చెల్లుతుంది. కుర్రాడికి చెయ్యి ఉంది.

ఒంగోలు గిత్త: పుల్ల గుచ్చితే ఏమీ వినబడదు. కనీసం బట్టలు తగిలించే ఇనుప హ్యాంగరు తీగైనా గుచ్చాలి.

బొద్దింక: నెల్లూరులో ఏరియల్‌ను పుల్ల అనేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు సార్.

పెన్నగట్టు: ఈ రోజు మళ్ళీ ఆ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. ఒంగోలువారు చెప్పినట్టే వాషర్ కింద నల్లటి పెయింటు, దాని కింద తుప్పు. సాండ్ పేపరుతో గీకి, గ్రీజు కొంచెం రాసి బిగించాడు. గరగర పోయింది. మీ అందరి తరఫునా అడిగాను, “పెద్దాయనా, ఆ రోజు కమ్మి అన్నావా, కమ్మ అన్నావా?” అని. బీడీ తీసి, “రెండూ కాదబయా. కొమ్మ ఇరిగినా అన్నా. కొమ్మే గదా తగిలింది నీ కారుకి?” అన్నాడు.

తాటితోపు: కొమ్మా!

మూలపేట మాస్టారు: కుదరదు. కొ, క యతి చెల్లదు.

పెన్నగట్టు: అన్నది ఆయనే కదండీ.

మూలపేట మాస్టారు: ఆయన పొరబడి ఉంటారు. రెండు వారాల కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది?

తడ సరిహద్దు: అరవంలో కొంబు అంటే కొమ్ము, చెట్టు కొమ్మ కూడా. ‘ంబ’ ‘మ్మ’ అయింది. నేను మొదటి నుంచీ అదే చెబుతున్నా.

ఒంగోలు గిత్త: ట్రిమ్మర్ తిప్పించారా లేదా?