క్రూజ్‌లోకి మన వైన్ సీసా తీసుకెళ్లిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది నల్గొండ. మా పెళ్లయి వచ్చే నెలకి 30 ఏళ్లు. పిల్లలు సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేశారు, బాల్కనీ ఉన్న గది. నాసిక్ వెళ్లినప్పుడు కొన్న రెడ్ వైన్ సీసా ఒకటి మూడేళ్లుగా దాచి ఉంచాం. పెళ్లయిన కొత్తలో సాయంత్రాలు పానగల్ చెరువు కట్ట మీద కూర్చునేవాళ్లం. ఇప్పుడు అలాగే సముద్రం మీద పొద్దు గూకుతుంటే ఆ సీసా తెరవాలని మా ఆవిడ కోరిక. ఇక్కడ వైన్స్‌లో అది దొరకదు, పగిలితే మళ్లీ తెచ్చుకోలేం.

విమానంలో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు కాబట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. శంషాబాద్ నుంచి సింగపూర్ దాకా పగలకుండా ఎలా చుట్టారు? చీరల మధ్య పెడితే చాలా?

చాలా క్రూజ్‌లలో పెద్దవాళ్లు తలా ఒక 750 మిల్లీలీటర్ల సీసా, సీల్ తీయనిది, ఎక్కే రోజే చేతి సామానులో తేవచ్చని చదివాను. ఓడ ఎక్కేటప్పుడు నిజంగా అలాగే వదిలారా? డైనింగ్ హాల్లో తాగితే సీసా తెరిచినందుకు విడిగా డబ్బులు తీసుకుంటారట. గదిలో తాగితే కూడా కట్టాలా? గ్లాసులు, కార్క్ తీసేది వాళ్లే ఇస్తారా?

అన్నిటికన్నా సీసా రేవులోనే ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చిన వాళ్లు దయచేసి చెప్పండి.