జాన్ పికరింగ్‌ను తొలగించింది తప్పుకా, జబ్బుకా?

ప్రశ్న:
అభిశంసనకు గురై పదవి పోగొట్టుకున్న తొలి అమెరికన్ ఫెడరల్ న్యాయమూర్తి న్యూ హాంప్‌షైర్‌కు చెందిన జాన్ పికరింగ్ అనీ, అప్పటికే ఆయన మతిస్థిమితం కోల్పోయారనీ చదివాను. దేశద్రోహం, లంచగొండితనం, ఇతర ఘోర నేరాలు రుజువైతేనే తొలగించాలని అక్కడి రాజ్యాంగం చెబుతుంది కదా, మరి ఈయనను ఏ నేరం కింద తొలగించారు?

మొదటి జవాబు:
సుంకాల వ్యవహారంలో కస్టమ్స్ అధికారులు పట్టుకున్న ‘ఎలైజా’ అనే ఓడ కేసు 1802లో ఆయన ముందుకు వచ్చింది. ఆయన తాగిన మైకంలో న్యాయపీఠం ఎక్కి, బూతులు తిడుతూ, ప్రభుత్వ సాక్షులను వినకుండానే ఓడను యజమానికి అప్పగించమన్నారు. అప్పీలుకు కూడా ఒప్పుకోలేదు. నాలుగు అభియోగాలూ వీటిమీదే. సెనేట్‌లో జరిగిన అభిశంసన విచారణకు ఆయన రాలేదు. తన తండ్రికి మతి చెడిందని కొడుకు జేకబ్ సెనేట్‌కు విన్నవించుకున్నాడు. 1804 మార్చి 12న 19–7 ఓట్లతో దోషిగా తేల్చారు. అయితే ఆ ఓటింగులో అడిగింది ‘ఘోర నేరం చేశాడా’ అని కాదు, ‘అభియోగంలో చెప్పినట్టు దోషేనా’ అని మాత్రమే. మీ ప్రశ్నను సెనేట్ అలా తెలివిగా దాటవేసింది.

రెండో జవాబు:
అసలు చిక్కు అంతకు ముందే మొదలైంది. జడ్జి పనిచేయలేని స్థితిలో ఉంటే ఆ బాధ్యతను సర్క్యూట్ కోర్టు (పై కోర్టు) న్యాయమూర్తికి అప్పగించే వీలు 1801 న్యాయవ్యవస్థ చట్టంలో ఉండేది, పికరింగ్ విషయంలో దాన్ని వాడారు కూడా. 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ పక్షం ఆ చట్టాన్ని రద్దు చేయడంతో ఆయన మళ్లీ పీఠం మీదికి వచ్చారు. మరుసటి ఏడాది ఆయనపై ఫిర్యాదును ప్రతినిధుల సభకు పంపింది కూడా జెఫర్సనే. ప్రత్యర్థి పక్షమైన ఫెడరలిస్టుల జడ్జిలను వదిలించుకోవాలన్న ఆత్రం అందులో లేదని నేను అనుకోను, కానీ మతి చెడినవాడిని పీఠం మీద కొనసాగనివ్వమని వాదించడం కూడా అంత సులువు కాదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
మన రాజ్యాంగంలోని 124(4) అధికరణం ‘నిరూపితమైన దుష్ప్రవర్తన’ పక్కనే ‘అసమర్థత’ను కూడా చేర్చింది. అక్కడ ఆ ఒక్క మాట లేకపోవడం వల్లే రోగం నేరమైందన్నమాట.

రెండో జవాబు రాసిన వ్యక్తి:
అవును. ఆయన అనామకుడేమీ కాదు: 1761లో హార్వర్డ్‌లో పట్టా పొందారు, తర్వాత రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు, 1795లో వాషింగ్టన్ చేత ఫెడరల్ జడ్జిగా నియమితులయ్యారు. ఆయన 1805 ఏప్రిల్‌లో పోర్ట్స్‌మత్‌లో మరణించారు. అంతకు నెల ముందే అదే సెనేట్, ఈయనలాగే అభిశంసనకు గురైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ చేజ్‌ను నిర్దోషిగా వదిలేసింది.