లక్ష అన్‌నోన్ల స్కాటరింగ్ లెక్క: ముందు మిషన్లు కలపాల్నా, మల్టీపోల్ రాయాల్నా?

గుత్తికోట (అనంతపురం): ల్యాబ్‌లో 16 పాత కంప్యూటర్లు ఉండాయి, ఒక్కోదానికి 8 జీబీ. ఎంపీఐతో (మిషన్ల మధ్య సమాచారం పంపే పద్ధతి) కలిపి, విమానం మీద పడిన రాడార్ తరంగం ఎంత వెనక్కొస్తుందో (అదే స్కాటరింగ్) మెథడ్ ఆఫ్ మొమెంట్స్‌తో, అంటే పైతలాన్ని చిన్న ముక్కలు చేసి ఒక్కోదాని మీది కరెంటు కనుక్కునే పద్ధతితో, లెక్కేయాల. కనుక్కోవాల్సిన విలువలు, అంటే అన్‌నోన్లు, లక్ష. అయితుందా?

పెన్నాగట్టు (కడప): కాదు తమ్ముడూ. లక్షకు లక్ష మాట్రిక్స్ అంటే వెయ్యి కోట్ల గళ్లు. డబుల్ ప్రెసిషన్‌లో గడికి 16 బైట్లు, మొత్తం 160 జీబీ. నీకుండేది 128. ఫ్రీక్వెన్సీ రెండింతలు చేస్తే అన్‌నోన్లు నాలుగింతలు, మెమరీ 16 ఇంతలు, మాట్రిక్స్‌ను సాల్వ్ చేసే ఎల్‌యూ పని 64 ఇంతలు. ఎన్ని మిషన్లు కొంటావు? మల్టీలెవల్ ఫాస్ట్ మల్టీపోల్‌లో (ముక్కలను పెట్టెల్లో గుంపులు చేసి, దూరపు గుంపులను ఒకేసారి లెక్కేసే పద్ధతి) పని ఎన్ లాగ్ ఎన్ లెక్కనే, అంటే అన్‌నోన్ల కంటే కొంచెమే ఎక్కువగా, పెరుగుతుంది. అది రాయి.

తుంగభద్ర (కర్నూలు): అంకెల కచ్చితత్వం తగ్గించి సింగిల్ ప్రెసిషన్ పెడితే గడికి 8 బైట్లే, మొత్తం 80 జీబీ. పడుతుంది.

పెన్నాగట్టు: మూసిన ఆకారానికి లోపలి రెజొనెన్స్ (లోపల తరంగం తనంతట నిలబడే ఫ్రీక్వెన్సీ) దగ్గర ఆ జవాబు నమ్మేదెట్లా?

తుంగభద్ర: అది ప్రెసిషన్ తప్పు కాదక్కా, ఈఎఫ్ఐఈ (విద్యుత్ క్షేత్రం ఒక్కదాంతో రాసే సమీకరణం) తప్పు. సీఎఫ్ఐఈ (విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండూ కలిపి రాసేది) వాడితే పోతుంది. 80 పడుతుందా లేదా?

హంద్రీ: ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొంచెం వదలండప్పా.

పెన్నాగట్టు: ఎంటెక్‌లో నేనూ 8 మిషన్లు కలిపినా. రెండింతల వేగం గూడా రాలే. ఒకటి మాట్రిక్స్ నింపుతాంటే తక్కినవి ఖాళీ. కంప్యూటర్ ఇంజనీరు ఆమ్డాల్ 1967లోనే చెప్పినాడు: పనిలో ఇరవయ్యో వంతు వరుసగానే జరగాలంటే, ఎన్ని కోర్లు పెట్టినా 20 ఇంతలు దాటదు.

తుంగభద్ర: ఒక గడికి ఇంకో గడితో పనిలేదు, నింపడం అందరికీ పంచొచ్చు. అది నీ కోడ్ తప్పు. పంచడానికి కష్టం మల్టీపోలే. దాంట్లో చిన్న పెట్టెలు పెద్ద పెట్టెల్లో చేరి చెట్టు మాదిరి ఉంటాయి; చెట్టు పై అంతస్తుల్లో పెట్టెలు తక్కువ, ఒక్కోదాంట్లో లెక్కేయాల్సిన తరంగ దిశలు ఎక్కువ. కింద పెట్టెలు పంచాల, పైన దిశలు పంచాల. మొదటి ఏడాది పిల్లోడు రాసే పనా అది?

పెన్నాగట్టు: ఆ మాట నా దగ్గర అనొద్దు! మా గైడు రెండేండ్లు నన్ను గోళం లెక్క దాటనియ్యలే. జిల్లా కాలేజీ వాళ్లకు ఇది చాలన్నాడు. విమానానికని నేను రాసుకున్న కాగితాలు ఇంగా బీరువాలో ఉండాయి.

హంద్రీ: అక్కా, ఇది ఇంతవరకూ చెప్పలేదే.

తుంగభద్ర: చాలని నేనన్లేదక్కా. గోళానికి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్టాఫ్ మీ 1908లోనే కచ్చితమైన జవాబు ఇచ్చినాడు, దాంతో పోల్చుకోవచ్చు. చేతిలో సరైన జవాబొకటి లేకుంటే రేపు మల్టీపోల్ తప్పు చెప్పినా ఈయబ్బికి తెలీదు. నా దగ్గర ఒకడు అట్లే ఏడాది పోగొట్టుకుని, పనే వదిలేసి పోయినాడు. ఆపలేకపోతిని.

పెన్నాగట్టు: గోళం ఎన్నాళ్లు?

తుంగభద్ర: నెల.

పెన్నాగట్టు: నెలకైతే సరే. ఆ తర్వాత మల్టీపోల్ మొదలుపెట్టాల్సిందే.

గుత్తికోట: 5,000 అన్‌నోన్ల గోళం ఈ రాత్రికే పెడతాండా. డబుల్‌లోనూ 400 ఎంబీనే, ఒక్క మిషన్ చాలు. అక్కా, ఆ కాగితాలు ఫొటో తీసి పెడతావా?